కొవ్వు ఆమ్లాల నుంచి మైసెల్స్, వెసికిల్స్: పీహెచ్‌ను పట్టుకుని అంచెలంచెలుగా

ఓలిక్ ఆమ్లాన్ని పీహెచ్ 11 ఉన్న నీటిలో కలిపితే తేటగా ఉండే సబ్బు ద్రావణం వస్తుంది. అదే ఆమ్లాన్ని అదే గాఢతలో పీహెచ్ 8.5 దగ్గర ఉంచితే లేత నీలి ఛాయతో మసకబారిన ద్రవం కనిపిస్తుంది. అందులో ఉన్నవి కొంత నీటిని లోపల పట్టి ఉంచుకున్న అతి చిన్న సంచులు, అంటే వెసికిల్స్. ఇంకా దించి పీహెచ్ 6కి తెస్తే నూనె చుక్కలు విడిపోయి పైకి తేలతాయి. మూడు చోట్లా ఉన్నది ఒకే అణువు. తేడా అంతా దాని తల దగ్గర ఒక ప్రోటాన్ ఉందా, లేదా అన్నదే.

ఈ పని మొదలుపెట్టేవాళ్లు చాలామంది పరికరాల మీద, ఫిల్టర్ల మీద, కలిపే పద్ధతి మీద దృష్టి పెడతారు. అవి అవసరమే, కానీ అవన్నీ తర్వాతి సంగతులు. తలల్లో సుమారు సగానికి ప్రోటాన్ ఉండే పరిస్థితిని మనం కల్పిస్తే అణువులు వాటంతటవే పొరగా అమరుతాయి. ఆ పరిస్థితి తప్పితే ఎంత ఖరీదైన పరికరం ఉన్నా పొర నిలవదు. అందుకే ఈ మార్గదర్శిలో సగభాగం ఆ ప్రోటాన్ లెక్కకే కేటాయించాను. మిగతా సగం ప్రయోగశాలలో చేసి చూడటానికి.

ముందు అణువును అర్థం చేసుకోండి

కొవ్వు ఆమ్లానికి ఒక తల, ఒక తోక. తోక అంతా కార్బన్, హైడ్రోజన్. ఓలిక్ ఆమ్లంలో మొత్తం 18 కార్బన్లు ఉంటాయి. తల వైపు నుంచి లెక్కపెడితే 9వ కార్బన్ దగ్గర ఒక ద్విబంధం ఉంటుంది. అది సిస్ రకం కాబట్టి తోక అక్కడ వంగి ఉంటుంది. తల కార్బాక్సిల్ సమూహం. ప్రోటాన్ ఉన్నప్పుడు దానికి విద్యుదావేశం ఉండదు, ప్రోటాన్ పోతే రుణావేశం వస్తుంది. ఆవేశం ఉన్న రూపాన్ని ఓలియేట్ అంటాం.

తోకకు నీరంటే పడదు, అందుకే తోకలన్నీ ఒకచోట చేరతాయి అని చదువుకుంటాం. ఈ మాటలో సగమే నిజం ఉంది. నీటి అణువులు ఎప్పుడూ ఒకదానితో ఒకటి హైడ్రోజన్ బంధాలు కలుపుకుంటూ, విడగొట్టుకుంటూ ఉంటాయి. తోకతో అలాంటి బంధం కుదరదు. దాని పక్కనున్న నీటి అణువులు తమ బంధాలను కాపాడుకోవాలంటే కొన్ని దిశల్లోనే నిలబడాలి, అంటే వాటి స్వేచ్ఛ తగ్గుతుంది. ఎంట్రోపీ పడిపోతుంది అని చెప్పేది దీన్నే. తోకలు గుంపుగా చేరితే నీటికి తగిలే ఉపరితలం తగ్గి, అలా ఇరుక్కున్న నీరు విడుదలవుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర గుంపు కట్టించే ప్రధాన బలం ఇదే. తోకల మధ్య ఏదో గొప్ప ఆకర్షణ ఉందనుకుంటే తర్వాత చాలా విషయాలు తికమకగా ఉంటాయి. ఉదాహరణకు, తోకకు రెండు కార్బన్లు చేరిస్తే గుంపు కట్టడానికి కావలసిన గాఢత అంతగా ఎందుకు పడిపోతుందో అర్థం కాదు.

గాఢత హద్దు ఎక్కడుందో తెలుసుకోండి

నీటిలో సబ్బు అణువులను కొద్దికొద్దిగా పెంచుతూ పోతే మొదట అవి విడివిడిగానే ఉంటాయి. ఒక హద్దు దాటాక, అదనంగా వేసినవన్నీ తోకలు లోపలికి, తలలు బయటికి ఉండే చిన్న గుంపుల్లోకి, అంటే మైసెల్స్‌లోకి వెళ్తాయి. ఆ హద్దే క్రిటికల్ మైసెల్ కాన్సెంట్రేషన్, రోజువారీ మాటల్లో సీఎంసీ. సోడియం ఆక్టనోయేట్‌కు, అంటే 8 కార్బన్ల ఆమ్లం లవణానికి, ఇది సుమారు 0.4 మోలార్. 10 కార్బన్ల డెకనోయేట్‌కు సుమారు 0.1 మోలార్. 12 కార్బన్ల డోడెకనోయేట్‌కు సుమారు 0.025 మోలార్. రెండు కార్బన్లు పెరిగినప్పుడల్లా హద్దు నాలుగో వంతుకు దిగుతోంది, అంటే ఒక్కో కార్బన్‌కు సగం. ఆవేశం ఉన్న ఒంటి తోక అణువులకు ఈ నియమం చాలావరకు పనికొస్తుంది. ఓలియేట్‌కు ఈ హద్దు 1 మిల్లీమోలార్ దరిదాపుల్లో ఉంటుంది.

వెసికిల్స్‌కు హద్దు ఇంకా తక్కువ. సగం తలలకు ఆవేశం లేదు కాబట్టి వికర్షణ తగ్గుతుంది, గుంపు కట్టడం సులువవుతుంది. డెకనోయిక్ ఆమ్లం వెసికిల్స్‌కు కొన్ని పదుల మిల్లీమోలార్ కావాలి. ఓలిక్ ఆమ్లానికైతే 0.1 మిల్లీమోలార్ దరిదాపుల్లోనే వచ్చేస్తాయి.

ఇక్కడ ఒక విషయం మనసులో గట్టిగా పెట్టుకోండి. హద్దు దాటాక కూడా విడి అణువులు మాయం కావు. అవి హద్దు గాఢతకు దగ్గరగా నీటిలో అలాగే ఉంటాయి, గుంపుల్లోని అణువులతో నిరంతరం చోట్లు మార్చుకుంటూ ఉంటాయి. మీరు నమూనాను పలుచన చేసిన మరుక్షణం ఆ లోటు పూడ్చడానికి గుంపుల నుంచి అణువులు బయటికి వస్తాయి. కణాల పొరల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్లతో పనిచేసి అలవాటైనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వాటి వెసికిల్స్‌ను వంద రెట్లు పలుచన చేసినా నిలుస్తాయి. కొవ్వు ఆమ్లం వెసికిల్స్ హద్దు దిగితే కరిగిపోతాయి.

గుండ్రని గుంపా, పొరా అన్నది లెక్కగట్టండి

గుంపు కడతాయి సరే, ఏ ఆకారంలో? ఇజ్రాయెలాచ్విలి, మిచెల్, నిన్‌హామ్ 1976లో దీనికొక సులువైన కొలమానం ఇచ్చారు. తోక ఘనపరిమాణాన్ని, తల ఆక్రమించే వైశాల్యంతోనూ తోక పూర్తిగా చాచిన పొడవుతోనూ భాగించండి. వచ్చిన సంఖ్య మూడో వంతు కంటే తక్కువైతే గోళాకార మైసెల్స్ వస్తాయి. మూడో వంతుకు, సగానికి మధ్య ఉంటే పొడవాటి కడ్డీల్లాంటి మైసెల్స్. సగం నుంచి ఒకటి లోపు ఉంటే రెండు వరుసల పొరలు, అవి ముడుచుకుని ఏర్పడే వెసికిల్స్. ఒకటి దాటితే అంతా తిరగబడి తలలు లోపలికి, తోకలు బయటికి వచ్చే నిర్మాణాలు.

ఒంటి తోక అణువులకు ఈ లెక్క చాలా అందంగా కుదురుతుంది. డెకనోయేట్‌నే తీసుకోండి. తలలోని కార్బన్‌ను వదిలేస్తే తోకలో 9 కార్బన్లు. తోక కొలతలకు రసాయన శాస్త్రవేత్త టాన్‌ఫర్డ్ ఇచ్చిన సూత్రాల ప్రకారం ఘనపరిమాణం 0.0274 + 9 × 0.0269, అంటే సుమారు 0.27 ఘన నానోమీటర్లు. పొడవు 0.15 + 9 × 0.1265, అంటే సుమారు 1.29 నానోమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.21 చదరపు నానోమీటర్లు వస్తుంది. ఇంకా పొడవైన తోకతో చేసి చూడండి, మళ్లీ 0.21 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే తోక పెరిగితే ఘనపరిమాణం, పొడవు రెండూ దాదాపు ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి.

దీనర్థం ఏమిటంటే ఆకారాన్ని నిర్ణయించేది తల వైశాల్యమే. అది 0.63 చదరపు నానోమీటర్లు దాటితే గోళాలు. 0.42 నుంచి 0.63 మధ్య కడ్డీలు. 0.42 కంటే తగ్గితే పొరలు. తలలన్నీ రుణావేశంతో ఉంటే ఒకదాన్నొకటి నెట్టుకుని ఎక్కువ చోటు తీసుకుంటాయి, మైసెల్స్ వస్తాయి. ఉప్పు కలిపితే సోడియం అయాన్లు ఆ వికర్షణను కొంత కప్పేస్తాయి, తలలు దగ్గరవుతాయి, గోళాలు సాగి కడ్డీలవుతాయి. ఉప్పు ఎక్కువైన ఓలియేట్ ద్రావణం చిక్కబడి జిగటగా మారడానికి కారణం ఇదే. సగం తలలకు ప్రోటాన్ ఇస్తే కథ ఇంకో మెట్టు ముందుకు పోతుంది. ప్రోటాన్ ఉన్న తల, లేని తల పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధం కలుపుకుంటాయి. రెండు తలలకు కలిపి ఒకే ఆవేశం, పైగా దగ్గరికి లాగే బంధం. తల వైశాల్యం 0.42 కిందికి వస్తుంది, పొర ఏర్పడుతుంది.

ఈ లెక్క నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. భాగహారం తప్ప మరేమీ లేని ఒక సంఖ్య ఇంత చెబుతుంది. అయితే దీన్ని దిశ చూపే గుర్తుగా వాడండి, కచ్చితమైన కొలతగా కాదు. తల వైశాల్యం పీహెచ్‌తో, ఉప్పుతో, ఉష్ణోగ్రతతో మారుతూనే ఉంటుంది.

పీకేఏ ఎందుకు జరుగుతుందో చూడండి

సగం తలలకు ప్రోటాన్ ఉండే పీహెచ్ విలువను పీకేఏ అంటాం. నీటిలో ఒంటరిగా ఉన్న కొవ్వు ఆమ్లానికి ఇది సుమారు 4.8, వెనిగర్‌లోని ఆమ్లానికి ఉన్నంతే. పుస్తకంలో ఆ అంకె చూసి పీహెచ్ 5 దగ్గర వెసికిల్స్ కోసం వెతికితే నూనె చుక్కలే దొరుకుతాయి. గుంపులో చేరిన ఓలిక్ ఆమ్లానికి కొలిచినప్పుడు కనిపించే పీకేఏ సుమారు 8.5, డెకనోయిక్ ఆమ్లానికి 7.2 దరిదాపుల్లో.

ఎందుకిలా? రుణావేశం ఉన్న తలలు పక్కపక్కన కిక్కిరిసి ఉన్న ఉపరితలం ప్రోటాన్లను తన వైపు లాక్కుంటుంది. పీహెచ్ మీటరు 8.5 చూపిస్తున్నా, ఆ ఉపరితలానికి ఆనుకుని ఉన్న నీటిలో ప్రోటాన్లు చాలా ఎక్కువ. పైగా ప్రోటాన్ ఉంటే పక్క తలతో హైడ్రోజన్ బంధం కుదురుతుంది కాబట్టి తల దాన్ని అంత తేలికగా వదులుకోదు. తోక పొడవు పెరిగితే గుంపు ఇంకా గట్టిగా అమరుతుంది, ఈ రెండు ప్రభావాలూ పెరుగుతాయి, పీకేఏ ఇంకా పైకి వెళ్తుంది. ఉప్పు కలిపితే ఉపరితల ఆవేశం కప్పబడి పీకేఏ కాస్త దిగుతుంది. కాబట్టి ఎక్కడో రాసిన పీహెచ్ విలువను వేరే ఉప్పు గాఢతలో యథాతథంగా వాడితే ఫలితం కొంచెం అటూ ఇటూ కావడం సహజం.

వెసికిల్స్ దొరికే పరిధి ఈ పీకేఏకు రెండు వైపులా కొద్ది దూరం మాత్రమే ఉంటుంది. ఓలిక్ ఆమ్లానికి 8 నుంచి 9 మధ్య నిశ్చింతగా పనిచేయవచ్చు. డెకనోయిక్ ఆమ్లానికి 7 నుంచి 7.6 మధ్య.

ఆమ్లాన్ని ఎంచుకోండి

మొదటిసారి చేస్తున్నవారికి నా సలహా ఓలిక్ ఆమ్లమే. దాని ద్రవీభవన స్థానం సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కాబట్టి గదిలో ద్రవంగానే ఉంటుంది, పొర కూడా మెత్తగా, కదులుతూ ఉంటుంది. తక్కువ గాఢత చాలు. ఒక్కటే జాగ్రత్త, ద్విబంధం ఉంది కాబట్టి గాలిలో ఆక్సీకరణం చెందుతుంది. 99 శాతం స్వచ్ఛత ఉన్నదాన్ని కొని, సీసా తెరిచినప్పుడల్లా నైట్రోజన్ లేదా ఆర్గాన్ ఊది, మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచండి. పసుపు రంగు తిరిగితే పక్కన పెట్టేయండి.

డెకనోయిక్ ఆమ్లానికి ద్విబంధం లేదు, పాడవదు. జీవం పుట్టుక మీద పనిచేసేవారికి అదే ఎక్కువ ఆసక్తికరం, ఎందుకంటే జీవం లేని రసాయన చర్యల్లో పొట్టి తోకల ఆమ్లాలు పుట్టే అవకాశమే ఎక్కువ. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్క నుంచి తీసిన పదార్థాలు నీటిలో పొరలు కట్టడాన్ని డేవిడ్ డీమర్ 1985లో చూపించారు. స్టియరిక్ ఆమ్లంతో మొదలుపెట్టవద్దు. అది 69 డిగ్రీల దగ్గర గానీ కరగదు, గదిలో స్ఫటికాలుగా పేరుకుని విసిగిస్తుంది.

స్టాక్ ద్రావణం చేయండి

స్టాక్‌గా, అంటే గాఢంగా చేసి దాచుకుని అవసరమైనప్పుడు పలుచన చేసుకునే ద్రావణంగా, పెట్టుకునేది మైసెల్స్‌నే. పూర్తిగా ఆవేశం ఉన్న ఓలియేట్ తేటగా ఉంటుంది, పిపెట్‌తో కచ్చితంగా కొలవచ్చు. సోడియం హైడ్రాక్సైడ్ కళ్లలో పడితే తీవ్రంగా గాయపరుస్తుంది కాబట్టి కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

100 మిల్లీమోలార్ స్టాక్ 10 మిల్లీలీటర్లు కావాలనుకుందాం. ఓలిక్ ఆమ్లం 1 మిల్లీమోల్ కావాలి, అంటే 0.282 గ్రాములు, ఘనపరిమాణంలో సుమారు 0.32 మిల్లీలీటర్లు. దీన్ని పిపెట్‌తో తీస్తే జిడ్డు గోడలకు అంటుకుని లెక్క తప్పుతుంది, తూచడమే మేలు. దానికి 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 1.5 మిల్లీలీటర్లు, మిగతాది నీరు. అంటే ఆమ్లానికి కావలసినదానికంటే సగం ఎక్కువ క్షారం వేశాం. 40 నుంచి 50 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంటే కాసేపటికి తేటపడుతుంది. పీహెచ్ 10.5 దాటి ఉండాలి. ఉపరితలం మీద నూనె తెర కనిపిస్తుంటే ఇంకా కలపండి. అప్పటికీ పోకపోతే క్షారం సరిపోలేదన్నమాట. చల్లబడ్డాక గడ్డకట్టినట్టు కనిపిస్తే వాడే ముందు కొద్దిగా వేడి చేయండి.

బఫర్‌లోకి దించండి

ఇదే అసలు అంచె. బఫర్ అంటే ప్రోటాన్లను ఇస్తూ, పుచ్చుకుంటూ పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం. 0.2 మోలార్ బైసిన్ బఫర్‌ను సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 8.5కి సర్ది, 9 మిల్లీలీటర్లు తీసుకోండి. అందులో 1 మిల్లీలీటరు స్టాక్ వేయండి. ఓలిక్ ఆమ్లం మొత్తం గాఢత 10 మిల్లీమోలార్ అవుతుంది. వేసిన క్షణమే ద్రవం మసకబారడం మొదలవుతుంది.

బఫర్ 0.2 మోలార్ ఎందుకు, 0.02 సరిపోదా? లెక్కేద్దాం. 10 మిల్లీమోలార్ ఓలియేట్‌లో సగం తలలకు ప్రోటాన్ కావాలి, అంటే 5 మిల్లీమోలార్. స్టాక్‌లో అదనంగా వేసిన క్షారాన్ని తటస్థం చేయడానికి మరో 5. మొత్తం 10 మిల్లీమోలార్ ప్రోటాన్లు బఫర్ ఇవ్వాలి. బైసిన్ పీకేఏ సుమారు 8.3. పీహెచ్ 8.5 దగ్గర దానిలో 39 శాతమే ప్రోటాన్ ఉన్న రూపం. స్టాక్ కలిశాక బఫర్ గాఢత 180 మిల్లీమోలార్, అందులో ఇవ్వగలిగిన ప్రోటాన్లు సుమారు 70 మిల్లీమోలార్. పది పోతే పీహెచ్ 0.1 మేరకు పెరిగి ఆగుతుంది, ఇబ్బంది లేదు. అదే 0.02 మోలార్ బఫర్ అయితే ఇవ్వగలిగినవి 7 మిల్లీమోలార్ మాత్రమే. అడిగినది 10. బఫర్ చేతులెత్తేస్తుంది, పీహెచ్ పైకి పోతుంది, వెసికిల్స్ బదులు మీకు ఎక్కువగా మైసెల్సే మిగులుతాయి. సీసా మీద మాత్రం బఫర్ పీహెచ్ 8.5 అనే రాసి ఉంటుంది. అందుకే కలిపాక పీహెచ్‌ను మళ్లీ కొలవాలి. మీటరును 7, 10 ప్రమాణ ద్రావణాలతో సరిచూసుకోండి. ఎలక్ట్రోడ్ మీద జిడ్డు పేరుకుంటుంది కాబట్టి కొలిచాక ఇథనాల్‌తో, తర్వాత నీటితో కడగండి.

కలిపాక మూత గట్టిగా బిగించి, గది ఉష్ణోగ్రతలో నెమ్మదిగా తిరిగే యంత్రం మీద రాత్రంతా ఉంచండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి వెళ్లకూడదు. మైసెల్స్ వెసికిల్స్‌గా మారడం మొదట మందకొడిగా సాగి, కొన్ని వెసికిల్స్ ఏర్పడ్డాక వేగం అందుకుంటుంది. ముందే తయారై ఉన్న వెసికిల్స్ కొద్దిగా వేస్తే కొత్తవి ఇంకా త్వరగా వస్తాయి. మాంట్మొరిలొనైట్ అనే బంకమన్ను కూడా ఈ మార్పును వేగవంతం చేస్తుందని హాన్‌జిక్, ఫుజికావా, షోస్టాక్ 2003లో చూపించారు.

మార్పును కళ్లారా చూడాలంటే

10 మిల్లీమోలార్ ఓలియేట్‌ను బఫర్ లేకుండా నీటిలో చేసుకోండి: 5 మిల్లీలీటర్ల స్టాక్, 45 మిల్లీలీటర్ల నీరు. దీనికి 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని 0.25 మిల్లీలీటర్ల చొప్పున వేస్తూ పీహెచ్ రాసుకోండి. మొదటి 2.5 మిల్లీలీటర్లు అదనపు క్షారానికే సరిపోతాయి, ద్రవం తేటగానే ఉంటుంది, ఆ చివర్లో పీహెచ్ వేగంగా పడుతుంది. తర్వాత వక్రరేఖ చదునవుతుంది. ఆమ్లం వేస్తున్నా పీహెచ్ అంతగా కదలదు, ఎందుకంటే వేసిన ప్రోటాన్లను తలలు అందుకుంటున్నాయి. సరిగ్గా ఈ భాగంలోనే ద్రవం రంగు మారుతుంది. నల్లటి కాగితం ముందు పెట్టి పక్క నుంచి లైటు వేస్తే ముందు నీలి పొగలా, తర్వాత పాలలా కనిపిస్తుంది. మొత్తం 5 మిల్లీలీటర్ల దగ్గర సగం తలలకు ప్రోటాన్ చేరినట్టు లెక్క, అక్కడి పీహెచ్ మీ పరిస్థితుల్లో కనిపించే పీకేఏ. ఇంకా ముందుకు పోతే జిడ్డు చుక్కలు గోడలకు అంటుకుంటాయి.

ఒకే గ్లాసులో వరుసగా ఆమ్లం పోస్తూ పోవడం కంటే, వేర్వేరు చిన్న సీసాల్లో వేర్వేరు మోతాదుల ఆమ్లం వేసి, మూతలు బిగించి, మర్నాడు పీహెచ్ కొలవడం నాకు ఎక్కువ నమ్మకంగా అనిపిస్తుంది. పొరలు సమతుల్యానికి రావడానికి టైమ్ పడుతుంది. తొందరపడి గీసిన వక్రరేఖ మరుసటి రోజుకు పక్కకు జరిగి ఉంటుంది.

సైజు సరిచేయండి

రాత్రంతా ఉంచిన నమూనాలో కొన్ని పదుల నానోమీటర్ల నుంచి కొన్ని మైక్రోమీటర్ల దాకా అన్ని సైజులూ ఉంటాయి. పొర లోపల పొరలుగా ఉన్నవీ ఉంటాయి. ఒకే సైజు కావాలంటే 100 నానోమీటర్ల రంధ్రాలున్న పాలీకార్బొనేట్ ఫిల్టర్ గుండా రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ 11 సార్లు నెట్టండి. బేసి సంఖ్య ఎందుకంటే చివరి నమూనా రెండో సిరంజిలో తేలాలి. మొదటి సిరంజిలో ఫిల్టర్ దాటని పెద్దవి మిగిలి ఉండవచ్చు.

వచ్చినవి వెసికిల్సేనని రుజువు చేసుకోండి

మసక కనిపించినంత మాత్రాన వెసికిల్స్ అనుకోవద్దు. నూనె చుక్కలు కూడా కాంతిని చెదరగొడతాయి. కాంతి వెదజల్లుడుతో సైజు కొలిచే పరికరం కూడా చుక్కకూ సంచికీ తేడా చెప్పదు.

ఫిల్టర్ చేయని నమూనాకు 10 మైక్రోమోలార్ దరిదాపుల్లో రోడమిన్ 6జీ రంగు కలిపి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు కింద చూడండి. రంగు పొరల్లోకి చేరుతుంది. వెసికిల్ అయితే అంచు మెరుస్తూ ఉంగరంలా, మధ్యలో చీకటిగా కనిపిస్తుంది. నూనె చుక్క మొత్తం నిండుగా మెరుస్తుంది. పొర లోపల పొరలున్నవి ఉంగరంలో ఉంగరంలా ఉంటాయి. ఫోకస్‌ను పైకీ కిందికీ మారుస్తూ చూస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. మైసెల్స్ కొన్ని నానోమీటర్లే కాబట్టి ఈ మైక్రోస్కోపులో ఎన్నటికీ కనిపించవు.

ఇంతకంటే గట్టి రుజువు, సంచి లోపల నీరు ఉందని చూపడం. దీనికి కాల్సీన్ లాంటి ఆవేశం ఉన్న రంగును ముందే బఫర్‌లో కలిపి, ఆ తర్వాత స్టాక్ వేయాలి. ఏర్పడుతున్న వెసికిల్స్ కొంత రంగును లోపల మూసేస్తాయి. తర్వాత సైజును బట్టి వేరుచేసే సెఫరోజ్ 4బీ కాలమ్ గుండా పంపితే పెద్దవైన వెసికిల్స్ ముందు వస్తాయి, విడి రంగు వెనకాల వస్తుంది. రంగు రెండు చోట్ల కనిపిస్తే లోపల చిక్కుకున్నది కొంత ఉందన్నమాట. వెసికిల్స్ భాగానికి ట్రైటన్ ఎక్స్-100 డిటర్జెంట్ వేసి మళ్లీ కాలమ్ గుండా పంపండి. రంగు మొత్తం వెనక భాగానికి జరిగితే సందేహం తీరిపోతుంది.

కాలమ్‌లో పోసే బఫర్‌లో కూడా హద్దు గాఢతకు మించి కొవ్వు ఆమ్లం తప్పక ఉండాలి. ఒట్టి బఫర్ పోస్తే కాలమ్‌లో పలుచనై వెసికిల్స్ దారిలోనే కరిగిపోతాయి, రంగంతా వెనక భాగంలోనే వస్తుంది. చూసినవారు వెసికిల్స్ ఏర్పడలేదనుకుంటారు.

ముందు భాగంలో రంగు చాలా కొద్దిగా ఉంటే కంగారు పడకండి. 100 నానోమీటర్ల ఒక్కో వెసికిల్‌లో లోపలి, బయటి వరుసలు కలిపి లక్షన్నరకు పైగా అణువులుంటాయి. ఆ లెక్కన 10 మిల్లీమోలార్ ఆమ్లం నుంచి మిల్లీలీటరుకు సుమారు 35 లక్షల కోట్ల వెసికిల్స్ వస్తాయి. వాటి లోపలి నీటినంతా కూడితే మొత్తం ద్రవంలో ఒకటిన్నర శాతమే.

పని చెడితే ఎక్కడ వెతకాలి

రాత్రి గడిచాక కూడా ద్రవం తేటగా ఉంటే ముందు పీహెచ్ కొలవండి, చాలాసార్లు అది 9.5 దాటి ఉంటుంది. పీహెచ్ సరిగ్గానే ఉంటే గాఢత చూడండి, ముఖ్యంగా డెకనోయిక్ ఆమ్లంతో చేస్తుంటే. పైన జిడ్డు తేలితే పీహెచ్ బాగా పడిపోయింది, మూత వదులై ఉండవచ్చు.

తెల్లటి తునకలు అడుగున పేరుకుంటే అనుమానించాల్సింది కాల్షియం, మెగ్నీషియం. రెండు ఆవేశాలున్న ఈ అయాన్లు రెండేసి తలలను పట్టుకుని అవక్షేపంగా దించేస్తాయి. కఠిన జలంలో సబ్బు నురగ రాకపోవడానికీ కారణం ఇదే. కొన్ని మిల్లీమోలార్ మెగ్నీషియం చాలు, ఓలిక్ ఆమ్లం వెసికిల్స్ దెబ్బతింటాయి. ఆర్‌ఎన్‌ఏతో చేసే చర్యలకు మెగ్నీషియం తప్పనిసరి కాబట్టి ఇది జీవం పుట్టుక పరిశోధనను చాలాకాలం వేధించిన సమస్య. సిట్రేట్ మెగ్నీషియంను పట్టి ఉంచి పొరలను కాపాడుతుందని, అదే సమయంలో ఆర్‌ఎన్‌ఏ నకలు చర్య కూడా సాగుతుందని అడమాల, షోస్టాక్ 2013లో చూపించారు. ఇంకో దారి, పొరలో కొంత గ్లిసరాల్ మోనోఎస్టర్ కలపడం. డెకనోయిక్ ఆమ్లానికి డెకనాల్, అంటే అన్నే కార్బన్లున్న ఆల్కహాల్, కలిపితే అది హైడ్రోజన్ బంధం ఇచ్చే పని చేసిపెడుతుంది, అందువల్ల ఇంకా ఎక్కువ పీహెచ్ దగ్గర కూడా వెసికిల్స్ నిలుస్తాయి.

వెసికిల్ లోపల ఒక పీహెచ్, బయట ఒక పీహెచ్ పెట్టాలని చూస్తే మాత్రం ఎక్కువసేపు నిలవదు. ఆవేశం లేని ఆమ్ల రూపం పొరలో ఒక వైపు నుంచి మరో వైపుకు సెకన్లలోపే పల్టీ కొడుతుంది, పోతూ పోతూ ప్రోటాన్‌ను మోసుకుపోతుంది. ఫాస్ఫోలిపిడ్లకు ఇదే పల్టీకి గంటలు, రోజులు పడుతుంది.

ఇక పెంచి చూడండి

అసంతృప్త కొవ్వు ఆమ్లాలతో పొరలు కట్టవచ్చని జెబికీ, హిక్స్ 1973లోనే చూపించారు. 1978లో హార్‌గ్రీవ్స్, డీమర్ ఒంటి తోక అణువులు ఇంకా చాలా వాటితో చేసి చూపారు. ఆ తర్వాత పరిశోధకులను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ వెసికిల్స్ పెరగడం. పీహెచ్ 8.5 దగ్గర స్థిరపడిన వెసికిల్స్‌కు తాజా స్టాక్ నుంచి మైసెల్స్ కొద్దికొద్దిగా వేయండి. ఆ పీహెచ్ దగ్గర మైసెల్స్ నిలవలేవు, వాటి తలలు ప్రోటాన్లు అందుకుంటాయి, అణువులు పక్కనున్న పొరల్లో చేరిపోతాయి. ఒక్కసారే పోస్తే ఎక్కువ భాగం కొత్త వెసికిల్స్‌గా విడిపోతుంది, నెమ్మదిగా వేస్తే పాతవే పెరుగుతాయి.

పొర లోపల పొరలున్న పెద్ద వెసికిల్స్‌తో ఇది చేస్తే మైక్రోస్కోపులో ఒక విచిత్రం కనిపిస్తుంది. పొర వైశాల్యం త్వరగా పెరుగుతుంది, కానీ లోపలి ఘనపరిమాణం అంత వేగంగా పెరగలేదు, ఎందుకంటే బఫర్ అణువులు పొరను దాటడానికి టైమ్ పడుతుంది. మిగిలిపోయిన పొర ఒక సన్నటి తోకలా బయటికి పొడుచుకొస్తుంది, చివరికి గోళం మొత్తం పొడవాటి దారంలా సాగుతుంది. ఆ దశలో ద్రవాన్ని మెల్లగా కుదిపితే దారం ముక్కలై చిన్న వెసికిల్స్ వస్తాయి, లోపలున్న పదార్థం వాటి మధ్య పంచబడుతుంది. టింగ్ ఝూ, షోస్టాక్ 2009లో వివరించిన పద్ధతి ఇది. చేసేటప్పుడు మైసెల్స్ వేసిన ప్రతిసారీ క్షారం కూడా చేరుతోందని మరవకండి. స్టాక్‌ను 1.5 బదులు 1 మిల్లీలీటరు హైడ్రాక్సైడ్‌తో, అంటే ఆమ్లానికి సరిగ్గా సమానంగా చేసుకుంటే బఫర్ మీద భారం సగానికి తగ్గుతుంది. కుదిపే ముందు పీహెచ్ ఒకసారి కొలవండి. అది 8.7 దాటిపోతుంటే ఇంకా మైసెల్స్ వేయకుండా అక్కడే ఆపి, తర్వాతి విడతకు బఫర్ గాఢత పెంచుకోండి.